బేస్ కొనేముందు నెక్ చూడండి, పేరు తర్వాత

మొన్న ఆదివారం ఒక తమ్ముడు బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్, మామూలుగా నాలుగు తీగలది) భుజాన వేసుకుని వచ్చాడు. కొని ఆరు నెలలు కూడా కాలేదు. "అమ్మేద్దామనుకుంటున్నా అన్నా, ఇది నావల్ల కాదు" అన్నాడు. ఏమైందిరా అంటే ఎడమచెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలి కొస కాయకాసి పగిలింది. అరచేతి అంచున, నెక్ (తీగల కింద ఉండే పొడవాటి కర్ర) వెంట చెయ్యి జారే చోట, సన్నటి గీతలు పడ్డాయి. "నొక్కీ నొక్కీ మణికట్టు లాగేస్తోంది. అంత నొక్కినా శ్రుతి కలవట్లేదంటున్నారు మావాళ్ళు. చవకది కొన్నాను కదా, దీనికింతే. మంచిది కొనే స్తోమత నాకు లేదు."

ఆ చివరి మాట నాకు గట్టిగా తగిలింది.

బేస్ తీసుకుని శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టాను. ఎక్కడా నొక్కకుండా మీటితే మందపాటి ఇ తీగ 41.2 హెర్ట్జ్ దగ్గర కచ్చితంగా నిలబడింది. మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీ) దగ్గర నొక్కి మీటితే ముల్లు కుడివైపుకి పోయింది, అంటే శ్రుతి పెరిగింది. ఐదో ఫ్రెట్ దగ్గర కొంత నయం, పన్నెండో ఫ్రెట్ దగ్గర బాగానే ఉంది. అప్పటికే అనుమానం వచ్చింది. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూశాను. అక్కడ వెంట్రుక పట్టేంత సందు ఉంటే చాలు. వీడి బేస్‌లో రెండు విజిటింగ్ కార్డులు దూరిపోతున్నాయి. అంటే నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న ముక్క) మీద తీగ కూర్చునే గాడి సరిపడా లోతు కొయ్యలేదు. తీగ ఎత్తులో ఉండిపోయింది. దాన్ని ఫ్రెట్ దాకా నొక్కాలంటే సాగాలి, సాగితే శ్రుతి పెరుగుతుంది. తప్పు వాడి చెవిదీ కాదు, వేళ్ళదీ కాదు.

ఆ మధ్యాహ్నమంతా దానిమీదే కూర్చున్నాం. సన్నటి ఆకురాయితో గాడిని రెండు మూడుసార్లు రుద్దడం, తీగ వేసి శ్రుతి చెయ్యడం, సందు చూడటం, మళ్ళీ తీగ తీసి రుద్దడం. నాలుగు తీగలకీ ఇదే వరస. తొందరపడి ఎక్కువ రుద్దామా, తీగ ఫ్రెట్‌కి తగిలి గరగరమంటుంది, ఇక నట్టే మార్చాలి. తర్వాత నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే లోహపు కడ్డీని, ట్రస్ రాడ్‌ని, పావు చుట్టు తిప్పాం. పన్నెండో ఫ్రెట్ దగ్గర 4 మిల్లీమీటర్లున్న తీగ ఎత్తుని 2.5కి దించాం. చేతిని గీరుతున్న ఫ్రెట్ కొసల్ని నున్నగా రుద్దాం. చెక్కలో తేమ పోతే చెక్క కుంచించుకుంటుంది, ఫ్రెట్ లోహం కుంచించుకోదు, అందుకే కొసలు అలా బయటికి పొడుచుకొస్తాయి.

వాడు బేస్ తీసుకుని ఒకటే లైను (స్వరాల వరస) చాలాసేపు ఆపకుండా వాయించాడు. తర్వాత తలెత్తి అడిగాడు: "మరి ఈ పని ఫ్యాక్టరీలోనే ఎందుకు చెయ్యలేదన్నా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ పోస్టు.

చవక బేస్‌కీ ఖరీదైన బేస్‌కీ తేడా అంతా చెక్కలోనూ పికప్‌లోనూ ఉందని మనం నమ్ముతాం. అమ్మేవాళ్ళు కూడా వాటి గురించే చెబుతారు. ఆల్డర్ చెక్క బాడీ, ఆల్నికో అనే మిశ్రమలోహపు అయస్కాంతాలు, బాడీ మీద తీగలు ఆనే బరువైన బ్రిడ్జ్. అవి పట్టీలో రాయడానికి వీలైన విషయాలు. కానీ చవకదైనా ఖరీదైనదైనా బాడీని కోసేది యంత్రాలే. పికప్ అంటే తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేది, అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన రాగి తీగ. మంచి పికప్‌కీ మామూలు పికప్‌కీ తేడా ఉంటుంది, లేదనను. కానీ అది నాలుగు మరలు విప్పి మార్చుకోగలిగిన తేడా. మనిషి గంటలకొద్దీ కూర్చోవాల్సిన పనులు వేరే ఉన్నాయి. ఫ్రెట్లన్నిటినీ ఒకే ఎత్తుకి తేవాలి. చదునైన ఫ్రెట్ తలని మళ్ళీ గుండ్రంగా చెయ్యాలి. కొసలు మొద్దు చెయ్యాలి. నట్ గాడి ఒక్కో తీగ మందానికి తగ్గట్టు కొయ్యాలి. చవక బేస్‌లో మొట్టమొదట కోత పడేది ఈ గంటలకే.

అందులోనూ నట్‌ని ఎత్తుగా వదిలేస్తే పైకి ఏ లోపమూ కనబడదు. తీగ గరగరమనదు, కొన్నవాడు వెనక్కి పంపడు. భారమంతా వాయించేవాడి వేళ్ళమీద పడుతుంది. ఏళ్ళ తరబడి వాయిస్తున్నవాడైతే రెండు నిమిషాల్లో పట్టేస్తాడు. కొత్తగా నేర్చుకునేవాడికి తెలియదు, తనకే చేతకాదనుకుంటాడు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఎంతమంది ఇలా మొదటి ఏడాదిలోనే వదిలేసి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది.

అసలు ఎలక్ట్రిక్ బేస్ పుట్టిందే పనిముట్టులా. రేడియోలు బాగుచేసే పనిలోంచి వచ్చిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు, అది పలక లాంటి బాడీకి మరలతో బిగించిన నెక్. ఫ్యాక్టరీలో తొందరగా తయారవ్వాలి, పాడైతే నెక్ విప్పి ఇంకోటి బిగించుకోవాలి, అదీ ఆలోచన. నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌కి ఫ్రెట్లుండవు, దీనికున్నాయి, స్వరం కచ్చితంగా పడుతుంది, పేరు కూడా అందుకే ప్రెసిషన్. 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) అప్పుడు పెట్టిందే, ఇప్పటికీ ఎక్కువ బేస్‌లకి అదే కొలత. 1957లో వచ్చిన రెండు ముక్కల పికప్పే ఈరోజు చవక వాటిలోనూ ఖరీదైన వాటిలోనూ కనిపిస్తుంది. డిజైన్‌లో దాచుకున్న రహస్యం ఏమీ లేదు.

1982లో ఫెండర్ కంపెనీ తన చవక శ్రేణిగా స్క్వయర్ పేరుని జపాన్‌లో మొదలుపెట్టింది. ఆ తొలినాటి జపాన్ స్క్వయర్లని ఇప్పుడు పట్టుబట్టి వెతికి కొనేవాళ్ళున్నారు. హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల) మీద పేరు అదే చవక పేరు. మరి ఎందుకు వెతుకుతున్నారు? చేసిన చేతులు పని బాగా చేశాయి కాబట్టి.

నా సంగతి చెబుతాను. నా దగ్గర రెండు బేస్‌లున్నాయి. ఒకటి పన్నెండేళ్ళుగా నాతో ఉన్న బడ్జెట్ బేస్. రెండోది చాలాకాలం కూడబెట్టి కొన్న ప్రీమియం. రెండింటికీ ఒకే రకం తీగలు కొత్తవి వేసి, ఎత్తు సమానం చేసి, ఒకే లైను రికార్డు చేశాను. బేస్ ఒక్కటే విన్నప్పుడు తేడా తెలిసింది. ప్రీమియంలో స్వరం చివరిదాకా సమంగా సాగుతుంది, పై ఫ్రెట్లలో కూడా బొద్దుగా ఉంటుంది. డ్రమ్స్, గిటార్లు కలిపి వారం తర్వాత విన్నాను. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను. ఆ రాత్రి కొంచెం దిగులేసింది, ఎందుకంటే ధ్వని కోసమే అంత డబ్బు పెట్టానని అప్పటిదాకా నమ్మాను.

(ఫోన్‌లో పోలిక వీడియోలు చూసి బేస్ ఎంచుకునేవాళ్ళకి ఒక మాట. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్ స్వరాన్ని పలికించలేదు. మీరు వినేది దానితో పాటు పలికే హెచ్చు స్వరాలు, మిగతాది మీ చెవి ఊహించుకునేది. కనీసం మంచి హెడ్‌ఫోన్స్‌తో వినండి.)

అయితే ప్రీమియం దండగా? కాదు. దాంట్లో డబ్బుకి న్యాయం జరిగే చోటు నెక్. నాలుగు తీగలూ కలిసి దాదాపు 80 కిలోల బరువుతో నెక్‌ని పగలూ రాత్రీ లాగుతూనే ఉంటాయి. మందపాటి ఇ తీగ వైపు లాగుడు, సన్నటి జి తీగ వైపు లాగుడు ఒకేలా ఉండవు. చెక్క సరిగ్గా ఆరకపోయినా, నార అడ్డదిడ్డంగా ఉన్నా నెక్ మెలి తిరుగుతుంది. ముందుకో వెనక్కో వంగితే ట్రస్ రాడ్ సరిచేస్తుంది. మెలి తిరిగితే ఏమీ చెయ్యలేదు. నట్ మార్చొచ్చు, పికప్ మార్చొచ్చు, గరగరలాడే వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే మీట), కేబుల్ పెట్టే వదులైన జాక్ చిటికెలో మార్చొచ్చు, వాటిని చూసి బేస్‌ని కాదనకండి. మెలి తిరిగిన నెక్ ఉన్న బేస్ మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. ఖరీదైన చాలా బేస్‌లలో చెక్క ఎంపికలో జాగ్రత్త ఉంటుంది, కొన్నిటికి లోపల గ్రాఫైట్ కడ్డీలు కూడా వేస్తారు. వాటిలో పదింట్లో ఏది తీసినా దాదాపు ఒకేలా ఉంటుంది. బడ్జెట్‌లో పదీ పది రకాలు. వాటిలో కూడా బంగారం లాంటివి ఉంటాయి, ఏరుకోవాలి.

అందుకే "ఫలానా మోడల్ కొనొచ్చా అన్నా?" అని అడిగితే నా దగ్గర జవాబుండదు. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క బేస్ సంగతి అడగండి, చెబుతాను. వడ్రంగి చెక్కని కంటికెత్తి చూసినట్టు, బాడీ వైపు నుంచి నెక్ అంచుల వెంట చూడండి. రెండు అంచులూ ఒకేలా సాగాలి. తర్వాత ఆంప్ (ధ్వని పెంచే స్పీకర్ పెట్టె) ఆపేసి, ప్రతి తీగమీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కి, స్వరం ఆరిపోయేదాకా వినండి. విసుగొచ్చినా సరే వినండి. జి తీగమీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య మరీ జాగ్రత్త, స్వరం పుట్టీపుట్టగానే చచ్చిపోయే చోటు చాలా బేస్‌లలో అక్కడే ఉంటుంది. ఆ స్వరానికి నెక్ కూడా కంపించి శక్తిని లాగేసుకుంటుంది. నా ప్రీమియం బేస్‌లో కూడా ఆరో ఫ్రెట్ దగ్గర అది ఉంది. కొన్న రోజు పేరు చూసి మురిసిపోయి వినలేదు. హెడ్‌స్టాక్‌కి చిన్న బరువు బిగించాక ఆ చోటు కొంచెం పక్కకి జరిగింది, పూర్తిగా పోలేదు. పైగా అది నా చేతికొచ్చినప్పుడు సెటప్ (నట్, తీగ ఎత్తు, నెక్ వంపు సరిచేసే పని) కూడా సరిగా లేదు. ప్రీమియం అయినా సెటప్ మళ్ళీ చేయించుకోవాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఐదు తీగల బేస్ కావాలనుకుంటే మాత్రం నా సలహా మారుతుంది. కింది బి తీగ 30.9 హెర్ట్జ్. నెక్ గట్టిగా లేకపోతే అది తాడులా వేలాడుతుంది, స్వరం ఏదో తెలియదు. చవకలో మంచి ఐదు తీగల బేస్‌లు లేవని కాదు, నాకు తక్కువ తగిలాయి. అక్కడ ఆగి, కూడబెట్టి, మంచి నెక్ కొనండి, వాడినదైనా సరే. రాత్రికో చోట వాయించేవాళ్ళు కూడా అంతే. మారే వాతావరణాన్ని తట్టుకునే నెక్, మూడు గంటలు భుజాన మొయ్యగలిగే బరువు, ఈ రెండింటికీ పెట్టిన డబ్బు వృథా పోదు. 3.6 కిలోల బేస్‌కీ 4.6 కిలోల బేస్‌కీ తేడా మీ వెన్ను చెబుతుంది.

నాలుగు తీగల మొదటి బేస్‌కి ఇవేవీ అక్కర్లేదు. నెక్ తిన్నగా ఉన్న బడ్జెట్ బేస్, మంచి చేతిపనివాడి దగ్గర సెటప్, మిగిలిన డబ్బుతో కొంచెం పెద్ద స్పీకరున్న ఆంప్. చవక బేస్ పట్టుకున్న పిల్లల్ని చూసి "అది బొమ్మ" అనేవాళ్ళని దయచేసి ఆ మాట అనొద్దని వేడుకుంటున్నాను. ఆ మాట పడ్డ తమ్ముడే మొన్న నా దగ్గరికి అమ్మేస్తానని వచ్చింది.

వాడు అమ్మలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, ఆ సన్నటి ఆకురాయి ఒకసారి ఇస్తావా అన్నా, మా బ్యాండ్‌లో రెండో గిటార్ వాయించేవాడికి కూడా మొదటి ఫ్రెట్ దగ్గర శ్రుతి పోతోంది అన్నాడు. ఇస్తాను, కానీ గిటార్ తీగలు సన్నం, వాటి గాడికి వేరే ఆకురాళ్ళు కావాలి, రేపు ఇద్దరూ రండి అన్నాను. మీ ఇంట్లో మూలన పెట్టేసిన బేస్ ఏదైనా ఉంటే ఈ రాత్రి బయటికి తీసి, మూడో ఫ్రెట్ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూసి నాకు చెప్పండి.