పుచ్చ విత్తనాల పొట్లం మీద ఆ అబద్ధం ఎందుకు?

ఈరోజు మధ్యాహ్నం కొరియర్‌లో వచ్చిన పుచ్చ విత్తనాలను అరచేతిలో పోసుకోగానే వేళ్లకు గులాబీ రంగు పొడి అంటుకుంది. పొట్లం ముందువైపు పెద్ద అక్షరాలతో ‘తరతరాల నాటు పుచ్చ’ అని ఉంది. వెనక్కి తిప్పి చూస్తే, అడుగున కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో ‘ఎఫ్-1 హైబ్రిడ్, థైరమ్‌తో శుద్ధి చేసినది, తినడానికి గాని మేతకు గాని వాడరాదు’ అని ఉంది. అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం సంకర విత్తనం, దానికి బూజు పట్టకుండా థైరమ్ అనే మందు పట్టించారన్నమాట. అమ్మినవారికి ఫోన్ చేస్తే, "హైబ్రిడ్ అయితే ఇంకా మంచిదే కదండీ, కాయ పెద్దదొస్తుంది" అన్నారు. అడిగినది ఒకటి, అంటగట్టినది మరొకటి, పైగా అది మన మంచికేనట!

నాకు హైబ్రిడ్ మీద పగ లేదు. అప్పు తెచ్చి ఎకరాలకు ఎకరాలు పుచ్చ వేసే రైతుకు ఒకే సైజు కాయలు, లారీ ప్రయాణాన్ని తట్టుకునే తొక్క కావాలి. పెరట్లో నాలుగు పాదులు పెట్టుకునే నాకు మాత్రం ఈ వేసవిలో తిన్న కాయలోని గింజ వచ్చే ఏడాది మళ్లీ అదే రుచితో కాయాలి. సంకర కాయ గింజను దాచి నాటితే గుణాలు విడిపోయి ఒక్కో పాదు ఒక్కో తీరుగా కాస్తుంది. ఇది విత్తనాలు అమ్మేవారికి తెలియని సంగతి కాదు.

విత్తనంలో వేరే రకం కలవకుండా కాపాడుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో వీరికి పట్టదు. మరునాడు విచ్చుకోబోయే ఆడమొగ్గను, దాని కింది చిన్న పిందెను బట్టి గుర్తించి, సాయంత్రమే పలుచని గుడ్డసంచి తొడగాలి. మగమొగ్గకూ అలాగే కట్టాలి. తెల్లవారాక మగపువ్వు రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, మళ్లీ సంచి కట్టి, తొడిమకు గుర్తుగా దారం ముడివేయాలి. లేకపోతే తేనెటీగలు పక్కవీధి పాదు పుప్పొడిని కూడా మోసుకొస్తాయి. కాయ దగ్గరి నులితీగ ఎండి, నేలకు ఆనిన మచ్చ పసుపు రంగుకు తిరిగేదాకా ఆగి కోయాలి. ఇంత సేవ మనచేత అబద్ధపు గింజకు చేయిస్తున్నారు.

అసలు నా మనసులో ఇంకా మండుతున్నది పోయినేటి మోసం. 1926లో న్యూయార్క్‌లోని పీటర్ హెండర్సన్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన ‘మూన్ అండ్ స్టార్స్’ పుచ్చ, ముదురాకుపచ్చ తొక్క మీద పసుపు మచ్చలతో ఎంతో పేరు తెచ్చుకుని, తర్వాత అంగళ్లలోంచి మాయమైంది. 1980లో మిస్సోరిలోని మేకన్ దగ్గర మెర్ల్ వాన్ డోరెన్ అనే రైతు తన దగ్గర ఆ విత్తనం ఉందని పాత రకాల విత్తనాలను కాపాడే సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన కెంట్ వీలీకి చెప్పబట్టే అది మళ్లీ బతికింది. ఒక మనిషి ఏటేటా నాటి, గింజ తీసి దాచినందుకు నిలిచిన రకమది. ఆ బొమ్మ, ఆ పేరు పెట్టి నాకు ఒకరు గింజలు అమ్మారు. ఆ రకానికి కాయ మీదే కాదు, ఆకుల మీద కూడా పసుపు చుక్కలు ఉంటాయి. నా తీగ గోడ దాకా పాకినా ఒక్క ఆకు మీద ఒక్క చుక్క కనిపించలేదు. ఆ రైతు కష్టాన్ని బొమ్మగా వాడుకుని ఊరూపేరూ లేని గింజ అమ్మినవారిని నేను క్షమించలేను.

నిజం రాసి అమ్మడం అసాధ్యమేమీ కాదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్కా మాణిక్ అనే పుచ్చను సూటి రకంగా, అంటే గింజ దాచి నాటినా అవే గుణాలు నిలిచే రకంగా, అర్కా జ్యోతిని సంకరంగా చెప్పే విడుదల చేసింది. ఎవరికి కావలసింది వారు తెలిసి కొనుక్కుంటారు. పెరటి తోటల వాళ్లకు ఆ మాత్రం మర్యాద ఎందుకు దక్కదు? సంకరమైతే ఆ మాట ముందువైపు పెద్ద అక్షరాల్లో వేయండి. సూటి రకమైతే రకం పేరు, పండించిన ఏడాది వేయండి.

తోట పెంచే మిత్రులకూ ఒక మనవి. బజారులో కొన్న కాయ తిని, ఆ గింజలను ‘నాటు విత్తనం’ అని పంచకండి, దయచేసి. మీ ఇంట్లో ఏటా నాటి దాచుకుంటున్న అసలైన పుచ్చ గింజ ఉంటే, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, ఎన్నేళ్లుగా నాటుతున్నారో ఇక్కడ రాయండి. తపాలా ఖర్చు నేను పెట్టుకుంటాను.