సవరణ: యేసు పటం గురించి నేను రాసింది

చాలా ఇళ్లలో గోడకు కనిపించే యేసు పటం (భుజాల దాకా జుట్టు, గడ్డం, కాస్త పక్కకు తిరిగిన ముఖం) సువార్తల్లోని వర్ణన చూసి గీసిందని మొన్న పోస్టులో రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. నాలుగు సువార్తలూ మళ్లీ చదివాను. ఆయన జుట్టు, ఎత్తు, ముఖకవళికలు ఎలా ఉండేవో ఎక్కడా లేదు. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 1:14లో ఉన్నిలాంటి తెల్లని జుట్టు ఉంది గానీ, అది యోహానుకు కలిగిన దర్శనం.

ఆ పటం 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేసింది. తొలి క్రైస్తవ చిత్రకళ పుస్తకాల్లో చూస్తే, సిరియాలోని దూరా యూరోపోస్ అనే పాత పట్టణంలో దొరికిన 3వ శతాబ్దపు గోడ బొమ్మలో యేసుకు గడ్డమే లేదు, జుట్టు పొట్టి. పక్కనే నయమైన పక్షవాత రోగి మంచాన్ని వీపున వేసుకుని నడిచిపోతుంటాడు. ఎంత బాగుందో! పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.