వంద కార్డుల పద్దు: సవరించిన అంచనాలు

దేశాల బడ్జెట్ల మీద వ్యాఖ్యానించేవారికి కొదవ లేదు. ఒక మనిషి ముందే కట్టి అమ్మే కార్డుల డెక్‌ను కొని, దాన్ని కొద్దిపాటి ఖర్చుతో మెరుగుపరుస్తానని ప్రకటించినప్పుడు మాత్రం ఏ ఆర్థికవేత్తా తల తిప్పి చూడడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. ఇందులోని పద్దులన్నీ నావే, ఆడిటరునూ నేనే. అందుకే అవకతవకలేవీ బయటపడలేదు.

తెలియనివారి కోసం కాస్త పూర్వరంగం. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటను రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా 1993లో మార్కెట్లోకి వచ్చింది. అందులో కమాండర్ అని ఒక పద్ధతి ఉంది. డెక్‌కు నాయకత్వం వహించే కార్డునూ కమాండర్ అనే అంటారు, దానితో కలిపి డెక్‌లో సరిగ్గా 100 కార్డులు. ఆటకు ఇంధనమిచ్చే మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డూ రెండోసారి కనిపించకూడదు. సాధారణంగా నలుగురు కూర్చుంటారు, ఒక్కొక్కరికీ 40 లైఫ్, అంటే ప్రాణాల లెక్క. ఈ పద్ధతి కోసం 2011 నుంచి సిద్ధంగా కట్టిన డెక్‌లు పెట్టెల్లో వస్తున్నాయి. ఆడేవాళ్లు వాటిని ప్రీకాన్ అంటారు. పెట్టె విప్పి, కార్డులు కలిపి, హాయిగా ఆడుకోవచ్చు. న్యాయంగా ఈ వ్యాసం ఇక్కడితో ముగిసిపోవాలి.

ముగియకపోవడానికి కారణం, నేను వరసగా మూడు ఆటలు ఓడిపోవడం. నలుగురూ అన్నివిధాలా సమానులే అనుకున్నా, ఆటకు ఒక్కరే గెలుస్తారు గనుక, నేను మూడు ఆటలూ ఓడే అవకాశం 42 శాతం ఉంటుంది. ఈ లెక్క నాకు తెలుసు. అయినా పరాజయ కారణాల మీద విచారణకు ఏకసభ్య సంఘాన్ని నియమించుకున్నాను. ఆ సభ్యుణ్ణి నేనే. తప్పంతా డెక్‌దేనని సంఘం ఒక్క రాత్రిలో నివేదిక ఇచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్న పెద్దలు, మద్దెలకు విడిభాగాలు అమ్మే రోజులను చూడలేదు.

నివేదిక సిఫారసు చాలా నిగ్రహంగా ఉంది. పెట్టె ధరలో సగానికి మించకుండా ఖర్చు. పది కార్డులు తీయడం, పది కార్డులు పెట్టడం. అంతే.

తీయడం మాటల్లో తేలిక. ఇలాంటి డెక్‌కు సాధారణంగా రెండు మూడు ధ్యేయాలుంటాయి, సంకీర్ణ ప్రభుత్వంలాగా. కొన్ని కార్డులు చిన్న చిన్న సైనికులను పుట్టిస్తామంటాయి, కొన్ని శ్మశానం నుంచి, అంటే వాడేసిన కార్డుల కుప్ప నుంచి, చచ్చినవాటిని లేపుతామంటాయి, ఇంకొన్ని ఎందుకున్నాయో వాటికే తెలియదు. తెలివైన పని ఒక్కటే: ఒక ధ్యేయాన్ని పట్టుకుని మిగతా పక్షాలను బయటికి పంపడం. దీనికి పైసా ఖర్చు లేదు. బహుశా అందుకే ఎవరూ చేయరు. ఏడు మానా (కార్డు దించడానికి చెల్లించే ఇంధనం) పెడితే గాని దిగని ఒక డ్రాగన్‌ను తీసేయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మూడు ఆటల్లో అది ఒక్కసారీ బల్ల మీదికి రాలేదు. కానీ దాని బొమ్మ బాగుంటుంది. బొమ్మ బాగున్నవారిని పదవి నుంచి దింపడం ఎక్కడైనా కష్టమే.

ఇక అసలు విషయానికి, అంటే ల్యాండ్లకు వద్దాం. ఏ పనికైనా మానా కావాలి, రకరకాల రంగుల్లో ఉండే ఆ మానా ప్రధానంగా ల్యాండ్ల నుంచి వస్తుంది. వాడుకున్న ల్యాండ్‌ను అడ్డంగా తిప్పుతారు, దాన్నే ట్యాప్ చేయడం అంటారు. నా డెక్‌లో 37 ల్యాండ్లు. వాటిలో రెండు మూడు రంగుల మానా ఇచ్చేవి చాలావరకు బల్ల మీదికి వస్తూనే ట్యాప్ అయి, అంటే అడ్డంగా పడుకుని, దిగుతాయి. ఉద్యోగంలో చేరిన రోజే సెలవు చీటీ ఇచ్చినట్టు. వాటి సేవలు మీ తర్వాతి వంతు నుంచి అందుబాటులోకి వస్తాయి. ఈలోగా ఎదుటివారు ముగ్గురూ తమ తమ రాజ్యాలను విస్తరించుకుంటారు.

అనుభవజ్ఞులైన ఆటగాళ్లు ఎవరినడిగినా ముందు ల్యాండ్లు మార్చమంటారు. పడుకోకుండా దిగే ల్యాండ్లలో చవకైనవీ ఉన్నాయి. మీ చేతిలోని మరో ల్యాండ్‌ను చూపిస్తే నిలబడి దిగేవి కొన్ని, రంగు మానా ఇచ్చిన ప్రతిసారీ ఒక లైఫ్ గీరుకునేవి కొన్ని. రెండు లైఫ్ చెల్లిస్తే నిటారుగా దిగే రకమూ ఉంది, దాని ధర కాస్త ఎక్కువ. అన్నిటికీ పైన 1993 నాటి డ్యూయల్ ల్యాండ్లు పదే పది. ఎదురు ఏమీ అడగకుండా రెండు రంగులిస్తాయి. వాటిని మళ్లీ ముద్రించబోమని తయారీదారులు 1996లో మాట ఇచ్చి ఒక జాబితానే ప్రకటించారు. లోకంలో నిలబడ్డ వాగ్దానాలు తక్కువ, ఉన్నవాటిలో ఒకటి నా జేబుకు వ్యతిరేకంగా నిలబడింది.

లెక్కలూ ల్యాండ్ల పక్షమే. కమాండర్ విడిగా కూర్చుంటుంది గనుక దొంతరలో 99 కార్డులు. మొదట ఏడు, ఆ తర్వాత పది వంతుల్లో పది, మొత్తం 17 కార్డులు చూస్తారు. అందులో సగటున ఆరుకు పైగా ల్యాండ్లే. నేను రాత్రుళ్లు మేలుకుని ఎంచిన ఆ పది అద్భుతాల్లో సగటున రెండు కూడా చేతికి రావు. ఏడింట ఒక ఆటలో ఒక్కటీ రాదు. అంటే నేను ఎంతో శ్రమించి మెరుగుపరిచిన డెక్‌తో కూర్చుని, దాదాపు పాత డెక్‌నే ఆడతాను. కొత్తగా ఉండేది నా ముఖంలోని ఆత్మవిశ్వాసం ఒక్కటే.

మరి ల్యాండ్లు కొన్నానా? లేదు. కారణం సాంకేతికమైనది కాదు. ల్యాండ్ దించినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ "ఆఁ!" అనరు. పునాది చూసి గృహస్థును మెచ్చుకున్నవాళ్లు ఉన్నారా?

కాబట్టి నిధులను ప్రజాకర్షక పథకాలకు మళ్లించాను. రెక్కల రాక్షసులు, ఒక్క దెబ్బతో బల్లను ఊడ్చే మంత్రాలు, బయటి అంచు మెరిసే ఒక కత్తి. విడిగా కొంటే ఒక్కొక్కటీ చాలా చవక. కార్డు కంటే దాన్ని పంపడానికయ్యే రవాణా ఖర్చు ఎక్కువగా ఉండటం గమనించి కలత చెందాను. ఇంకొంచెం కొంటే రవాణా ఉచితమని అమ్మకందారు తెలిపారు. వృథా ఖర్చును అరికట్టే సదుద్దేశంతో ఇంకో 14 కార్డులు కొన్నాను.

ఇక్కడే పొదుపు శాస్త్రానికి నా వంతు కృషిని నమోదు చేయాలి. ఖర్చు కానివి ఏవో ముందుగా నిర్వచించుకుంటే బడ్జెట్ ఎన్నడూ దాటదు. ఇంట్లో ఇదివరకే ఉన్న కార్డు ఖర్చు కాదు, అది నిన్ననే కొన్నదైనా సరే. మిత్రుడితో మార్పిడి చేసుకున్న కార్డు ఖర్చు కాదు, ఆ మార్పిడి కోసమే వేరే కార్డు కొన్నా సరే. మరో డెక్‌లోనూ పనికొచ్చే కార్డు మూలధన పెట్టుబడి, దాన్ని ఈ పద్దులో చూపకూడదు. ఆ మరో డెక్ ఇంకా పుట్టలేదనే అభ్యంతరం ఒకటి వచ్చింది. అది సాంకేతిక అభ్యంతరంగా కొట్టివేయబడింది.

2024 సెప్టెంబరులో నా ఖజానాకు అనూహ్యమైన ఆదాయం కూడా వచ్చింది. మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ వంటి ఖరీదైన కార్డులను కమాండర్ పద్ధతిలో నిషేధించారు. వాటిని కొన్నవాళ్లు తల పట్టుకున్నారు. నేను కొనలేదు. కొనే స్తోమత లేక కొనలేదన్నది వేరే సంగతి. కొనకపోవడం వల్ల నష్టపోని ఆ మొత్తాన్ని జమ కింద వేసుకుని, దానితో పన్నెండు కార్డులు తెప్పించాను.

తర్వాత తొడుగుల సమస్య. పాత కార్డులకున్న ప్లాస్టిక్ తొడుగులు వాడి వాడి మసకబారాయి, కొత్త కార్డుల తొడుగులు నిగనిగలాడుతున్నాయి. వెనుక నుంచి చూస్తే ఏది కొత్తదో పసిపిల్లలకైనా తెలుస్తుంది. దాన్ని గుర్తు పెట్టిన కార్డు అంటారు, ఆటలో అది మోసం. నిజాయితీ కోసం మొత్తం వందకూ కొత్త తొడుగులు వేశాను. తొడుగులు మందంగా ఉండి డెక్ పాత డబ్బాలో పట్టలేదు. కొత్త డబ్బా. డబ్బా గీతలు పడకుండా సంచి. సంచిలో స్థలం మిగిలితే బల్ల మీద పరిచే చాప. కౌపీన సంరక్షణార్థం ఆవును కొన్న సన్యాసి కథను చిన్నప్పుడు విని నవ్వాను. ఇప్పుడు ఆయన పద్దులను సానుభూతితో పరిశీలిస్తున్నాను.

ఇతర ఆటలవాళ్లు మనకంటే తెలివైనవారేమీ కాదు. యు-గి-ఓ అనే కార్డుల ఆటలో ఒక కార్డును మూడు ప్రతుల దాకా పెట్టుకోవచ్చు గనుక, ఒకే స్ట్రక్చర్ డెక్‌ను, అంటే అక్కడి ప్రీకాన్‌ను, మూడు పెట్టెలు కొనడమే అక్కడ పేరున్న పొదుపు సూత్రం. ఒకే వస్తువును మూడుసార్లు కొని మిగుల్చుకోవడం! ఆ క్రీడాకారులకు వినయంగా నమస్కరిస్తున్నాను.

పూర్తిగా ఉచితమైన దారి కూడా ఒకటుంది. కావలసిన కార్డు పేరును కాగితం మీద రాసి తొడుగులో పెట్టుకోవచ్చు, దాన్ని ప్రాక్సీ అంటారు. అధికారిక పోటీల్లో చెల్లదు గానీ, స్నేహితులు ఒప్పుకుంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. నేను దాన్ని సూత్రప్రాయంగా తిరస్కరించాను. ఖర్చే లేనిచోట పొదుపు చేయడం ఎలా సాధ్యం?

ఇంత కృషి తర్వాత ఆట మొదలైంది. ఆట ముందు ఒక మర్యాద ఉంది, నీ డెక్ ఎంత బలమైనదని ఒకరినొకరు అడుగుతారు. "ప్రీకానే, కాస్త మార్చాను" అన్నాను. నా ఎడమ పక్కనున్న మిత్రుడూ అదే అన్నాడు. ఎదురుగా ఉన్నావిడా అదే అన్నారు. నాలుగో అతను ఏమీ అనకుండా డబ్బాలోంచి డెక్ తీశాడు. డబ్బాకు తాళం ఉంది. నేను నా డెక్‌ను మెరుగుపరుస్తున్న నెలల్లో వాళ్లు ముగ్గురూ చేతులు ముడుచుకుని కూర్చుంటారని ఏ అంచనా ఆధారంగా అనుకున్నానో, ఆ ఫైలు ఎంత వెతికినా దొరకలేదు. నలుగురం ఖర్చు పెట్టాం. గెలిచే అవకాశం మనిషికి నాలుగింట ఒక వంతు దగ్గరే కదలకుండా కూర్చుంది.

ప్రస్తుత పరిస్థితి ఇది. పది కార్డులు మారుస్తానన్న పథకంలో ఇప్పటికి 58 మారాయి. పెట్టెతోపాటు వచ్చిన కమాండర్‌ను కూడా పక్కనపెట్టి, అదే పెట్టెలో వచ్చిన రెండో కమాండర్‌కు పట్టం కట్టాను. తీసేసిన కార్డులన్నీ అసలు పెట్టెలోనే భద్రంగా ఉన్నాయి, పైన ఏడు మానా డ్రాగన్. వాటికి కాస్త అండ దొరికితే అదీ ఒక డెక్ అవుతుంది కదా అనిపించింది. కొద్దిపాటి ఖర్చుతోనే. ప్రాథమిక అంచనాలు సిద్ధమవుతున్నాయి.

మొదటి డెక్‌లో ఇంతవరకు చేయి పడనివి ఆ 37 ల్యాండ్లు, వాటితోపాటు ఓ నాలుగైదు కార్డులు. నిన్న ఆటలో తొమ్మిదో వంతుకు అంచు మెరిసే కత్తి మొదటిసారి చేతికొచ్చింది. దాన్ని దించడానికి సరిగ్గా ఒక్క మానా తక్కువైంది. చేతిలో ఒకే ఒక్క ల్యాండ్ ఉంది. గర్వంగా బల్ల మీద పెట్టాను. ఎదురుగా ఉన్నావిడ చేయి చాచి, ఎంతో మర్యాదగా, దాన్ని అడ్డంగా తిప్పారు.