గుంటూరులో మంచు కురిసిన పెళ్లి

ధనుర్మాసం వచ్చిందంటే ఫంక్షన్ హాళ్ల యజమానులు ఎంత మర్యాదస్తులైపోతారో! నవంబరులో ఫోను చేస్తే మన మాట పూర్తి కాకుండానే ‘డేట్లు లేవండీ’ అని పెట్టేసినవాళ్లే, డిసెంబరు నెల సగం దాటగానే ‘రండి సార్, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం’ అంటారు. ముహూర్తాలుండవు కదా. సంక్రాంతి వెళ్లేదాకా హాలు ఖాళీ, జనరేటరు ఖాళీ, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఖాళీ. ఈ రహస్యాన్ని మా తమ్ముడి కూతురు కనిపెట్టింది. మా వంశంలో డబ్బు మిగిల్చే ఆలోచన పుట్టడం అదే మొదటిసారి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

‘మనకు ధనుర్మాసంతో పనేముంది పెదనాన్నా? డిసెంబరు 27న పెళ్లి. హాలు సగం రేటు. చర్చి ఎలాగూ అలంకరించే ఉంటుంది, డెకరేషన్ ఖర్చు సున్నా. క్రిస్మస్ థీమ్. సింపుల్‌గా, క్లాసీగా’ అంది.

పండగకి ముందే పెట్టుకోవచ్చుగా అన్నాను. క్రిస్మస్‌కి ముందొచ్చే అడ్వెంట్ ఆదివారాలు నాలుగూ అయ్యేదాకా మా సంఘంలో పెళ్లిళ్లు చేయరట. పెదనాన్నకి ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి, ఫోనులో ఫొటోలు చూపించింది. ఏదో దేశంలో మంచు మధ్య చిన్న చర్చి, కొవ్వొత్తులు, ఓ నలభై మంది జనం. ఒక్కరూ గట్టిగా మాట్లాడుతున్నట్టు లేరు. ‘నలభై మందా? మా పిన్ని వాళ్లింట్లోంచే అంతమంది వస్తారే’ అంది మా మరదలు.

గుంటూరుకి క్రిస్మస్ నిన్న మొన్న వచ్చింది కాదు. 1842లో హేయర్ దొర వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఊరిది. ఆయన పుట్టింది జర్మనీలో, ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టడం నేర్పిన దేశంలో. ఆయనొచ్చాడు గానీ మంచు మాత్రం వెంట రాలేదు. డిసెంబరు ఆఖర్లో కూడా ఇక్కడ మధ్యాహ్నం 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. చెట్టు సంగతి మనవాళ్లు ఎప్పుడో తేల్చేశారు, సరుగుడు కొమ్మ తెచ్చి ఇసుక డబ్బాలో నిలబెడితే అదే చెట్టు. మంచు సంగతే ఎవరూ తేల్చలేదు. ఆ బాధ్యత పెళ్లికూతురి మేనమామ నెత్తిన వేసుకున్నాడు. ఆయనకు పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు ఉంది.

‘ఎంత కావాలమ్మా?’ అన్నాడు.

‘ఒక బేలు చాలు మామయ్యా’ అంది పిల్ల. బేలంటే 170 కిలోలని ఆ ఇంట్లో ఆయనకొక్కడికే తెలుసు. ఆయన చెప్పలేదు. ‘వాడుకుని తిరిగి ఇచ్చెయ్యండి’ అని మాత్రం అన్నాడు. పెళ్లి హడావిడిలో ఆ మాట ఎవరి చెవినీ పడలేదు.

ముందు చర్చి సంగతి. పిల్ల కోరిక రాత్రి ఏడున్నరకి కొవ్వొత్తుల వెలుగులో ప్రమాణాలు. పాస్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపల జరగాలమ్మా. ప్రత్యేకంగా లైసెన్సు ఉంటే వేరే మాట’ అన్నారు. మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. ‘మనకు ముహూర్తాల్లేవు అంటారు, పదమూడు గంటల ముహూర్తం ఉందిగా’ అన్నాడు. ఆ పదమూడు గంటల్లోంచి అందరికీ వీలైన సమయం ఏరితే సాయంత్రం నాలుగు తేలింది. మా చర్చికి కిటికీలన్నీ పడమటి వైపే. నాలుగింటికి ఎండ తిన్నగా లోపలికి వచ్చి బెంచీల మీద కూర్చుంది. ఆ వెలుతురులో వంద కొవ్వొత్తులు వెలిగిస్తే, వెలుగుతున్నాయో లేదో దగ్గరికెళ్లి చెయ్యిపెట్టి చూసుకోవాల్సి వచ్చింది. అవి ఆరిపోతాయని ఫ్యాన్లు కట్టేశారు. ఉక్కకి తట్టుకోలేక జనమంతా శుభలేఖలతో విసురుకోవడం మొదలుపెట్టారు. ఆ గాలికి ఆరిపోయాయి.

సున్నా ఖర్చు డెకరేషన్ అందిగా, అది సండే స్కూలు పిల్లలది. బలిపీఠం పక్కన ఎండుగడ్డితో పశువుల పాక, గొర్రెలు, గొల్లలు, థర్మోకోల్‌తో చేసిన నిలువెత్తు గాడిద. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యేదాకా కదపడానికి వీల్లేదని సండే స్కూలు టీచరమ్మ ఖరాకండీగా చెప్పేసింది. పిల్లలు పరీక్షలు కూడా సరిగ్గా చదవకుండా చేశారట దాన్ని. ఫొటోగ్రాఫరు ఎటు నుంచి తీసినా ఆ గాడిద వస్తోంది. ఉంగరాలు మార్చుకుంటుంటే మధ్యలో గాడిద. తాళి కడుతుంటే వరుడి భుజం మీదుగా తొంగిచూస్తూ గాడిద. పైగా దానికి కుట్టిన నల్లగుండీల కళ్లు నేరుగా కెమెరాలోకే చూస్తున్నాయి. ఆల్బమ్ వచ్చాక చూస్తే, మొత్తం పెళ్లిలో కళ్లు మూయకుండా ఉన్నది అదొక్కటే.

అసలు కథ హాల్లో. ముఖద్వారానికి ఎర్ర గుడ్డ కట్టి మధ్యలో పెద్ద నక్షత్రం పెట్టమని టెంట్‌హౌస్ అతనికి చెప్పారు. ‘కొత్తగా కుట్టక్కర్లేదు సార్, మా దగ్గర రెడీగా ఉన్నాయి’ అన్నాడతను. నక్షత్రం క్రిస్మస్‌దే అని మనకు తెలుసు, రోడ్డు మీద పోయేవాళ్లకేం తెలుసు? ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన ఒకరు తిన్నగా లోపలికి వచ్చి, మొదటి వరసలో కూర్చుని, ‘ముందు ఎవరు మాట్లాడతారు?’ అని అడిగారు. మా తమ్ముడు చేతులు జోడించి ‘ముందు భోజనమండీ’ అన్నాడు. ‘మంచి మార్పు’ అన్నారాయన.

భోజనమంటే గుర్తొచ్చింది. పిల్ల వేసిన లెక్కలో భోజనాల్లేవు. ప్లమ్ కేకు, కట్‌లెట్, కాఫీ, అంతే. ‘పెళ్లికి పిలిచి కేకు ముక్క చేతిలో పెట్టి పంపితే పది తరాలు చెప్పుకుంటారు’ అని మా ఆవిడ, మా మరదలు జీవితంలో మొదటిసారి ఒక్కమాట మీద నిలబడ్డారు. మటన్ బిర్యానీ వచ్చింది. దాని వెనకే గోంగూర మటన్, ఆ వెనక చేపల పులుసు వచ్చాయి. హాల్లో మిగిలిన సగం రేటు అక్కడితో సరి.

బల్లల మీదకి పిల్ల ముచ్చటపడి నరసాపురం లేసు తెప్పించింది. చేత్తో అల్లిన తెల్లటి పని, తక్కువ ధరకి అంత అందం ఇంకెక్కడా దొరకదు. ఆ థీమ్ మొత్తంలో నాకు నచ్చింది అదే. క్యాటరింగ్ కుర్రాడు వచ్చి దాన్ని మెచ్చుకోలుగా చూసి, ‘పాడైపోద్ది సార్’ అంటూ ఆ చివర నుంచి ఈ చివరకి పేపర్ రోల్ పరిచేశాడు. పైన గ్లాసుతో నీళ్లు కూడా చిలకరించాడు, ఎగరకుండా.

అక్కడ కూడా కొవ్వొత్తులు వెలిగించబోతే వంటమేస్త్రీ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. ‘ఇంత దూది పోసి నిప్పు పెడతారా? పెళ్లా, దహనమా?’ అన్నాడు. ఆ రోజు తెలివిగా మాట్లాడిన మనిషి అతనొక్కడే. బ్యాటరీ దీపాలతో సరిపెట్టారు.

దూది మాత్రం నిజంగా అద్భుతంగా అమిరింది. స్టేజీ కప్పు మీద, సరుగుడు కొమ్మల మీద, నడిచే దారికి రెండు పక్కలా మోకాలెత్తున పరిచారు. లోపలికి వచ్చినవాళ్లు ‘అబ్బ!’ అనకుండా లేరు. రెండో బంతి కూర్చున్నాక మగపెళ్లివారి తరఫు పెద్దావిడ ఎవరో ‘ఉక్కగా ఉంది నాయనా, ఆ ఫ్యాను వెయ్యి’ అన్నారు. హాలు కుర్రాడికి పెద్దల మాటంటే గౌరవం. గోడవారనున్న స్టాండు ఫ్యాన్లన్నీ ఒకేసారి వేశాడు.

మొదటి నిమిషం స్వర్గమే. తెల్లటి పింజలు గాల్లోకి లేచి నెమ్మదిగా దిగుతుంటే హాలంతా చప్పట్లు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు. వీడియో అతను ‘ఆపకండి, ఆపకండి, స్లోమోషన్!’ అని కేకలు. రెండో నిమిషంలో తుమ్ములు మొదలయ్యాయి. గోంగూర అంటిన చేత్తో మొహం మీది దూది దులుపుకున్నవాళ్లకి మొహం మీదిది పోలేదు సరికదా, వేళ్లకు కూడా అంటుకుంది. ఈ వేలుది ఆ వేలితో తీస్తే రెండిటికీ పట్టింది. కాసేపటికి బంతిలో ఉన్నవాళ్లందరికీ కుడిచేతికి తెల్ల తొడుగు వచ్చింది. పెళ్లికోసం పొద్దున్నే జుట్టుకి రంగేయించుకుని వచ్చిన వరుడి బాబాయి పదేళ్ల ముందుకెళ్లిపోయాడు. క్రిస్మస్ తాత వేషం వేసిన కుర్రాడికి గడ్డం నిమిషనిమిషానికీ పెరిగి నోరు కనపడటం మానేసింది. బిర్యానీ తెల్లబడింది. చివరి బంతిలో కూర్చున్నవాళ్లు పెరుగన్నం ముందే వడ్డించేశారనుకున్నారు.

‘ఫ్యాన్లు ఆపండ్రా!’ అని మా తమ్ముడు అరిచాడు. నోరు తెరిచినందుకు మిగతా మాటలు దూదితో పాటు మింగాడు. ఎర్ర తువ్వాలు పెద్దాయన ఒక్కరే నిబ్బరంగా ఉన్నారు. తువ్వాలు విస్తరి మీద కప్పి, కిందనుంచి చెయ్యిపెట్టి తింటున్నారు. అనుభవమంటే అదీ.

మర్నాడు పొద్దున మేనమామ కాటా, తేమ మీటరు పట్టుకుని దిగాడు. ఊడ్చి గోనెల్లో కుక్కిన దూదిని ఒక్కొక్క గోనే తూచాడు. ‘పదకొండు కిలోలు తరుగు బావా’ అన్నాడు.

‘మగపెళ్లివారి తలల్లో పోయింది. వియ్యంకుడి దగ్గరకెళ్లి దువ్వుకోరా’ అన్నాడు మా తమ్ముడు.

మేనమామ పట్టించుకోకుండా మీటరు గోనెలో గుచ్చాడు. చూశాడు. తీసి తుడిచి మళ్లీ గుచ్చాడు. ‘బావగారూ, మీరైనా చెప్పండి’ అని నా వైపు తిరిగాడు. ‘పత్తిలో తేమ 12 శాతం దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లే కొనరు. దీన్ని నేనెలా తీసుకోను?’

మా తమ్ముడు వంగి గోనె వాసన చూశాడు.

‘అది తేమ కాదురా, షేర్వా’ అన్నాడు.