రివెంజ్ ఓడమ్మకు ఒక విన్నపం

అట్లాంటిక్ అడుగున, అజోర్స్‌లోని టెర్సీరా దీవి దగ్గర విశ్రమిస్తున్న రివెంజ్ గారికి నమస్కారాలు.

అమ్మా, 1577లో డెట్‌ఫర్డ్‌లో మాథ్యూ బేకర్ మిమ్మల్ని ఇంగ్లండ్ యుద్ధనౌకగా కట్టినప్పుడు ముహూర్తం ఎవరు పెట్టారో గానీ, వర్జ్యం చూసినట్టు లేరు. కెంట్ తీరాన ఇసుకలో కూరుకుపోబోయారు. 1589లో పోర్చుగల్ దండయాత్ర నుంచి కారుకుంటూ ఇల్లు చేరారు. మెడ్‌వే నదిలో ఊరికే లంగరేసుకుని ఉన్నప్పుడు కూడా బోల్తా పడ్డారు. ఎలిజబెత్ రాణి ఓడల్లో మీ అంత దురదృష్టవంతురాలు లేదని ఇంగ్లిష్ నావికుడు రిచర్డ్ హాకిన్స్ రాసిపెట్టాడు. పట్టించుకోకండి, 1594లో ఆయన ఓడ డెయింటీ కూడా స్పెయిన్ చేతికే చిక్కింది.

1588లో ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ నౌకాదళం ఆర్మడా వచ్చినప్పుడు మీ కెప్టెన్ ఫ్రాన్సిస్ డ్రేక్. రాత్రి మీ వెనక దీపం చూసుకుంటూ మిగతా ఓడలన్నీ రావాలని ఏర్పాటు. దొరగారు ఆ దీపం ఆర్పేసి, దెబ్బతిని వెనకబడ్డ స్పానిష్ ఓడ రొసారియోలోని డబ్బు కోసం పక్కకు జారుకున్నారు. తెల్లారేసరికి ఇంగ్లిష్ అడ్మిరల్ శత్రు ఓడల పక్కన తేలాడు! ఇంత జరిగినా డ్రేక్‌కు పేరే వచ్చింది, శిక్ష రాలేదు.

ఇక 1591, అజోర్స్‌లోనే ఫ్లోరెస్ దీవి. యాభైకి పైగా స్పానిష్ ఓడలు ముంచుకొస్తుంటే మిగతా ఇంగ్లిష్ ఓడల్లోని తెలివైనవాళ్ళంతా తప్పుకున్నారు. అప్పటి మీ కెప్టెన్ రిచర్డ్ గ్రెన్‌విల్ మాత్రం జబ్బుపడ్డ నావికులతో వాళ్ళ మధ్యలోంచే పోతానన్నాడు. రాత్రంతా పోరాడి, మందుగుండు అయిపోయాక ఓడను పేల్చేయమన్నాడు. ఆయన పరువు కోసం మనమెందుకు చావాలని నావికులకు అనిపించి ఉంటుంది. ప్రాణాలు దక్కేలా మాట తీసుకుని లొంగిపోయారు. నాకైతే ఆ రోజు బుర్ర వాడింది వాళ్ళే. వీరుడి బిరుదు మాత్రం గాయాలతో కొద్దిరోజులకే పోయిన గ్రెన్‌విల్‌కు దక్కింది.

స్పెయిన్ కొలువులో మీరు ప్రొబేషన్ కూడా పూర్తి చేయలేదు. కొద్దిరోజుల్లోనే తుపాను వచ్చింది, మీలో ఎక్కిన కొత్త యజమానులను కూడా వెంటబెట్టుకుని మునిగిపోయారు. ఇంగ్లండ్ వైపు పద్నాలుగేళ్ళు పనిచేసి చేయలేనిది, స్పెయిన్ వైపు చేరగానే చేశారు!

ఇంత జాతకం తెలిసీ బ్రిటిష్ వాళ్ళు మీ పేరు వదల్లేదు. ట్రఫాల్గర్‌లో ఒక రివెంజ్ పోరాడింది. ఇరవయ్యో శతాబ్దంలో అణుక్షిపణులు మోసే జలాంతర్గామికీ అదే పేరు పెట్టారు. అదొక్కటే నయం లెండి, మునగడం దాని డ్యూటీయే.

ఇట్లు,
ఒడ్డునే ఉండిపోయిన మీ అభిమాని