రెండేళ్లకు ఏ కిడ్నీ "అలవాటు" పడదు

ఈ వారంలో ఇది నాలుగోసారి. "కిడ్నీ మార్పిడి అయిన రెండేళ్లకు ఒంటికి కొత్త కిడ్నీ అలవాటైపోతుంది, ఇక మందులు అక్కర్లేదు, కంపెనీలు ఈ నిజం దాస్తున్నాయి" అని ఒక మెసేజ్, కింద "పదిమందికి పంపండి" అని ఆజ్ఞ. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అదీ నా బాధ.

బ్లడ్ గ్రూప్ కలిస్తే చాలట. చాలదు. హెచ్‌ఎల్‌ఏ (కణం మనదా, పరాయిదా అని ఒళ్లు పోల్చుకునే గుర్తులు) పూర్తిగా కలిసిన సొంత అన్నదమ్ముల మధ్య కూడా, కొత్త కిడ్నీ మీద ఒళ్లు దాడి చేయకుండా మందులు వాడతారు. ఏడేళ్లకు కణాలన్నీ మారి కిడ్నీ మనదైపోతుందట. దాత కణం విడిపోతే పుట్టేదీ దాత కణమే కదండీ! 1954లో బోస్టన్‌లో మందుల్లేకుండా చేశారుగా అంటారు. చేశారు, అచ్చుగుద్దినట్టుండే కవలల మధ్య. అది రాయడం మరిచిపోయారు, పాపం.

అసలు ప్రాణం మీదికి తెచ్చే వాక్యం ఇది: "క్రియాటినిన్ నార్మల్‌గా ఉంటే మెల్లగా మందులు మానేసి చూడండి." క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. ఇవేమన్నా కొత్త చెప్పులా, కరిస్తే తీసి పక్కన పెట్టడానికి? మానేసిన మర్నాడు ఏమీ కాదు, వారం తర్వాతా ఏమీ తెలియకపోవచ్చు, మోసమంతా అక్కడే ఉంది. లోపల టి కణాలు, అంటే ఇమ్యూనిటీ సైనికులు, దాడి మొదలుపెడతాయి, దాత కణాల మీద యాంటీబాడీలు తయారవుతాయి, క్రియాటినిన్ పెరిగి మన కంటపడేసరికి కిడ్నీ బాగా దెబ్బతిని ఉండొచ్చు. ఆ యాంటీబాడీల వల్ల రేపు ఇంకో దాత కుదరడమూ కష్టమే. రిపోర్ట్ నార్మల్‌గా ఉన్నది మందుల వల్లే మహాశయా. దొంగ రాలేదు కాబట్టి తాళం దండగ అన్నట్టుంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ మందులు మంచివేం కావు. వాటిలో ఒకటైన టాక్రోలిమస్ తాను కాపాడాల్సిన కిడ్నీనే ఏళ్ల మీద పాడుచేయగలదు, షుగర్ తెప్పించగలదు, ఇన్ఫెక్షన్ల భయం, కేన్సర్ ముప్పు సరేసరి. మానేయాలన్న ఆశలో తప్పేం లేదు. లివర్ మార్పిడి అయినవాళ్లలో కొందరు డాక్టర్ల నిఘాలో, పరీక్షల మీద పరీక్షలతో నిజంగానే మానగలిగారు కూడా. కిడ్నీ విషయంలో అదే సాధించడానికి మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వాళ్లు దాత ఎముక మజ్జ కూడా ఎక్కించారు, 2008లో ప్రకటించిన ఫలితాల్లో ఐదుగురిలో నలుగురు మందులు ఆపగలిగారు. ఎముక మజ్జండీ! రెండేళ్లు ఓపిక పడితే దానంతటదే వచ్చేదానికి అంత అవస్థ దేనికో.

కంపెనీలు దాచాయా? ఈ ఇమ్యూన్ టాలరెన్స్ (ఇమ్యూనిటీ దాడి చేయకుండా ఓర్చుకోవడం) మీద 1960లో ఒకసారి, 2025లో ఇంకోసారి నోబెల్ ఇచ్చారు, భలే దాచారు.

మెసేజ్ చివర్లో ఇమ్యూనిటీ పెంచే పొడి వాడమని సలహా. ఇమ్యూనిటీని అణచడానికే కదా వాళ్లు పూటపూటా ఆ మాత్రలు మింగేది! ఇక నావల్ల కాదు.