మూత ఏదంటే మోక్షగుండం దాకా

అడిగినదానికి జవాబు చెప్పడం చేతకానివాళ్ల పని. చేతనైనవాళ్లు "మరి అప్పుడు మీరెక్కడున్నారు?" అంటారు. అధికారం ఉన్నా, ఊడినా పనికొచ్చే మాట ఇదొక్కటే.

రాత్రి టీవీ చర్చ ఎలా సాగుతుందో మీకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో ఓ వీధిలో మ్యాన్‌హోల్‌కి మూత లేదు. ఎందుకు లేదని యాంకర్ అడుగుతాడు. "గత పదేళ్లు వీళ్లేం పీకారు?" అంటాడు అధికార ప్రతినిధి. గత పదేళ్లాయన ఉమ్మడి రాష్ట్రం మీదికి తోస్తాడు. ఉమ్మడి రాష్ట్రమాయన నిజాం దగ్గర తేలతాడు. నిజాం వెనకే 1908 నాటి మూసీ వరద, ఆ వరద తర్వాత నగరానికి డ్రైనేజీ పథకం వేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వచ్చేస్తారు. "అంటే ఆయన ప్లాన్ తప్పంటారా? 1955లో భారతరత్న అందుకున్న మహానుభావుణ్ణి అవమానిస్తారా?" అందరూ ఒక్కటై యాంకర్ మీద పడతారు. (మన దగ్గర అఖిలపక్షం కుదిరేది ఇక్కడే.) క్షమాపణ ఎవరు చెప్పాలన్నదానికే మిగతా టైమంతా సరి.

ఇంతలో ఫోన్‌లో ఓ పెద్దావిడ.

"మూతెప్పుడు వేస్తారు బాబూ?"

"ముందు మీదే పార్టీ అమ్మా?"

"పార్టీ కాదయ్యా, మాది నాలుగో వీధి. మూతెప్పుడు వేస్తారు?"

"విశ్వేశ్వరయ్య గారంటే గౌరవం లేదా?"

"ఎందుకు లేదూ? మూత?"

లైన్ కట్.

ఆవిడకి దండం పెట్టాలి. ఏ పార్టీ కాదని ఒట్లు వేస్తూ కూర్చోలేదు, నిజాం జోలికి పోలేదు. సమాచార హక్కు చట్టం 6(2) సెక్షన్ చెప్పేదీ ఇదే: సమాచారం ఎందుకు కావాలో అడిగినవాడు చెప్పక్కర్లేదు. 2005లో ఆ చట్టం రాసినవాళ్లకు మన ఆఫీసుల సంగతి బాగా తెలుసు.

మూతతో పోతే నవ్వుకోవచ్చు. అదే మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించి, అతను ఊపిరాడక చచ్చిపోయినా ఇదే ఆట! రక్షణ సామగ్రి లేకుండా దించడం నేరమని 2013లోనే చట్టం వచ్చింది. చనిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు దించారయ్యా అంటే "కాంట్రాక్టరు మనిషండీ, మా మనిషి కాదు." "తాగి దిగాడేమో." శవం ఇల్లు చేరకముందే వాడి అలవాట్ల మీద పంచాయితీ! సిగ్గనిపించదా? మెషీన్ ఉండగా మనిషినెందుకు దించారు? మాస్కు ఇచ్చారా? ముందు అది చెప్పండి. తాగుడు సంగతి, నిజాం సంగతి తర్వాత తీరిగ్గా వింటాం. ఆ 30 లక్షల చెక్కు మీద ఏ తేదీ వేశారు?